ఇంటి పనిలో, పెరటి మొక్కల్లో వాక్యాన్ని నేర్చుకునే పద్ధతి

ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో దేవుడు తన మాటలు పిల్లలకు నేర్పమన్నప్పుడు, ఎక్కడ నేర్పాలో కూడా చెప్పాడు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. యేసయ్య బోధ చూసినా అంతే. పిండి, దీపం, చీపురు, పాత బట్టకు వేసే మాసిక, విత్తనాలు, అంజూరపు చెట్టు. విన్నవాళ్ళు ఇంటికి వెళ్ళేసరికి ఆ వస్తువులన్నీ వాళ్ళ ఎదురుగానే ఉండేవి.

మా సంఘంలో సండే స్కూల్ పిల్లలకూ, వారం మధ్యలో జరిగే స్త్రీల కూడికలోనూ పాఠం చెప్పే పని చాలా ఏళ్ళుగా నాది. "ఇవన్నీ మీకెలా తడతాయి అక్కా?" అని అడుగుతుంటారు. తట్టడం కాదు, దీనికి ఒక పద్ధతి ఉంది, ఎవరైనా చేయొచ్చు. పెరడు లేకపోయినా ఫర్వాలేదు. కిటికీలో ఒక కుండీ, వంటగదిలో ఒక సింకు ఉంటే చాలు.

ముందుగా ఒక మాట. గులాబీ ముల్లు చూసి "జీవితంలో కష్టాలు ఉంటాయి", కొవ్వొత్తి చూసి "మనం వెలుగివ్వాలి" అనేస్తే అయిపోయినట్టు కాదు. అవి మనకు ముందే తెలిసిన సంగతులు. వాటికోసం గులాబీ అక్కర్లేదు, బైబిలు తెరవనక్కర్లేదు. పాఠం అన్నాక మనల్ని ఎక్కడో ఒకచోట ఆపి సరిదిద్దాలి. అలా సరిదిద్దేంతవరకు ఓపిగ్గా చూడటమే ఈ పద్ధతిలో అసలు పని.

వారానికి ఒక్కటే ఎంచుకోండి

తోటంతా, ఇల్లంతా ఒకేసారి చూడాలని కూర్చోవద్దు. ఈ వారం ఒక మొక్క, లేదా ఒక పని. రోజూ చెయ్యి పడేదైతే మంచిది: నీళ్ళు పోయడం, గిన్నెలు తోమడం, ఊడవడం, పిండి కలపడం. మొదటి రెండు మూడు రోజులు వాక్యం జోలికి పోకండి. ఊరికే గమనించండి. దీనికి ఏం కావాలి? ఏది పాడుచేస్తుంది? ఎంతకాలం పడుతుంది? ఇందులో నేను చేయగలిగింది ఎంత, నా చేతిలో లేనిది ఎంత? ఈ చివరి ప్రశ్న వదలొద్దు. నాకు దొరికిన మంచి పాఠాల్లో చాలావరకు దాని దగ్గరే మొదలయ్యాయి.

మొదటిసారి చేసేవాళ్ళకు చిక్కుడు గింజ తీసుకోమని చెబుతాను. మా మనవడికి గింజ నాటాక ఉండబట్టేది కాదు. "అమ్మమ్మా, లోపల ఏం చేస్తోంది?" అంటూ పుల్లతో మట్టి కెలికేవాడు. కెలికితే లేత వేరు తెగిపోతుంది. అందుకని ఒక గాజు గ్లాసులో తడి కాగితం చుట్టి, గాజుకీ కాగితానికీ మధ్య నాలుగు గింజలు పెట్టించాను. రెండిటిని కావాలనే తలకిందులుగా పెట్టాం.

ముందు గింజ నీళ్ళు పీల్చుకుని పైతోలు ముడతలు పడుతుంది, తర్వాత ఉబ్బుతుంది. తోలు చీలి తెల్లటి మొన ఒకటి బయటికొస్తుంది. అది వేరు. ఆకు కంటే ముందు వచ్చేది అదే. తలకిందులుగా పెట్టిన గింజల్లో కూడా ఆ మొన వంపు తిరిగి కిందికే పోతుంది. ఆ తర్వాతే కాండం మెడ వంచుకుని, రెండు పప్పుబద్దల్ని వెనకాల లాక్కుంటూ పైకొస్తుంది. వెలుగు తగిలాక నిటారుగా నిలబడుతుంది. ఇంకొన్నాళ్ళు ఆగి చూడండి: అసలు ఆకులు విచ్చుకున్నాక ఆ పప్పుబద్దలు సన్నబడి, ముడుచుకుపోయి, రాలిపోతాయి. దాచుకున్నదంతా మొక్కకు ఇచ్చేశాయి.

ఇంత చూశాక మార్కు 4:26-29 తెరవండి. విత్తనం చల్లినవాడు రాత్రి నిద్రపోతాడు, పగలు లేస్తాడు, "వానికి తెలియని రీతిగా" అది మొలిచి పెరుగుతుంది. ఈ చిన్న ఉపమానం నాలుగు సువార్తల్లో మార్కులో మాత్రమే ఉంది. పిల్లల విశ్వాసం గురించి, భర్త మారుమనస్సు గురించి ఏళ్ళ తరబడి ప్రార్థిస్తూ, రోజూ కెలికి చూసే తల్లులు మన మధ్య ఎంతమంది! విత్తడం మన పని, నీళ్ళు పోయడం మన పని. మొలిపించడం మన పని కాదు. పౌలు కూడా 1 కొరింథీ 3:6లో సరిగ్గా ఇలాగే పంచి చెప్పాడు: నాటింది తాను, నీళ్ళు పోసింది తోటి సేవకుడు అపొల్లో, వృద్ధి కలిగించింది దేవుడు.

ముడుచుకుపోయిన ఆ పప్పుబద్దల దగ్గర యోహాను 12:24 చదవండి. గోధుమగింజ భూమిలో పడి చావకపోతే ఒంటిగానే ఉంటుందని యేసయ్య చెప్పింది ముందుగా తన మరణం గురించి. కొందరు గ్రీసుదేశస్థులు ఆయన్ని చూడాలని వచ్చిన సందర్భం అది. ఆయన సిలువ మాట అక్కడ విన్నాకే మన త్యాగం సంగతికి రావాలి. వరస మారిస్తే సువార్త పోయి నీతిబోధ మిగులుతుంది.

వచనం కాదు, అధ్యాయం చదవండి

ఫోన్‌లో ఒక పదం కొట్టి వచ్చిన వచనాన్ని మొక్కకు తగిలించకండి. ఎవరు ఎవరితో, ఎప్పుడు అన్నారో చూడండి. దీనికి కలుపు మొక్కల కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

తోటలో కలుపు కనిపిస్తే పీకేస్తాం. అది వేళ్ళూనకముందే, గింజ కట్టకముందే పీకాలి, నేల తడిగా ఉన్నప్పుడైతే వేరుతో సహా వస్తుంది. కానీ మత్తయి 13లో యజమాని ఏమన్నాడు? గోధుమల మధ్య మొలిచిన గురుగులు పీకొద్దు, కోతదాకా రెండిటినీ కలిసి పెరగనివ్వండి అన్నాడు. మన తోటపని ఒకటి చెబుతుంటే ఉపమానం ఇంకొకటి చెబుతోంది. ఇలాంటి చోటు దొరికితే సంతోషించండి, పాఠం అక్కడే ఉంటుంది. ఆ గురుగు మామూలు కలుపు కాదు. గోధుమ పొలాల్లో పెరిగే ఒక జాతి గడ్డి, వెన్ను వేసేదాకా అచ్చం గోధుమలాగే ఉంటుంది, వేళ్ళు కూడా గోధుమ వేళ్ళతో పెనవేసుకుంటాయి. పీకితే గోధుమా వస్తుంది. పైగా 38వ వచనంలో పొలం అంటే లోకం అని యేసయ్యే విప్పి చెప్పాడు. కోతవాళ్ళు దేవదూతలు, మనం కాదు. కాబట్టి "నా గుండెలోని పాపాన్ని అలా ఉండనివ్వొచ్చు" అని ఈ ఉపమానం చెప్పడం లేదు. ఎవరు నిజమైన విశ్వాసి, ఎవరు కాదు అని మనుషుల్ని ఏరిపారేసే అధికారం మనకు లేదని చెబుతోంది. గుండెలోని కలుపు సంగతి కావాలంటే అదే అధ్యాయం 22వ వచనానికి వెళ్ళండి, వాక్యాన్ని అణచివేసే ముళ్ళు ఐహిక విచారం, ధనమోసం అని అక్కడ ఉంది. హెబ్రీ 12:15లో చేదైన వేరు గురించి ఉంది. ఆ కలుపు మాత్రం పొద్దున్నే, తడి ఆరకముందే పీకాల్సిందే.

యోహాను 15 గురించి గట్టిగా ఒక మాట చెప్పాలి. తాను ద్రాక్షవల్లినని, ఫలించే తీగను తండ్రి ఇంకా ఫలించేలా కత్తిరించి శుభ్రం చేస్తాడని యేసయ్య చెప్పిన అధ్యాయం అది. ద్రాక్షతీగ కాసేది ఆ ఏడు వచ్చిన కొత్త రెమ్మల మీద. ఆ రెమ్మలు పోయిన ఏటి తీగ కణుపుల్లోంచి వస్తాయి. కత్తిరించకుండా వదిలేస్తే తీగ అడవిలా అల్లుకుంటుంది, గుత్తులు చిన్నబోతాయి. అందుకే తోటమాలి కత్తెర పడుతుంది. చిగురు వేసే కాలం దగ్గరపడ్డాక కోస్తే కోసినచోట నీరు చుక్కలు చుక్కలుగా కారుతుంది, దగ్గర నిలబడి చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఇంతవరకు నిజమే. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరికి వెళ్ళి "దేవుడు నిన్ను కత్తిరిస్తున్నాడమ్మా" అనడం నేను విన్నాను. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. ప్రభువు ఆ మాట అన్నది తన శిష్యులతో, తాను పట్టబడబోయే రాత్రి. ఆ వెంటనే 3వ వచనంలో, తాను చెప్పిన మాటను బట్టి వాళ్ళు ఇప్పటికే పవిత్రులని అన్నాడు. శుభ్రం చేసింది ఆయన మాట. మరణాన్నీ రోగాన్నీ ఆయన చేతిలో కత్తెరగా పెట్టడానికి ఈ అధ్యాయం మనకు అనుమతి ఇవ్వలేదు. తోటలో నేర్చుకున్న పాఠాన్ని ముందు నీమీద పెట్టుకో, ఎదుటివాళ్ళ గాయం మీద పెట్టకు. నేను స్త్రీల కూడికలో ప్రతిసారీ చెప్పే నియమం ఇదే.

కుండీలో లోతు లేని మట్టి

ఇది ఎవరైనా ఇంట్లో పరీక్షించి చూడొచ్చు. ఒక పళ్ళెంలో పలచగా మట్టి, ఒక కుండీలో లోతుగా మట్టి తీసుకుని ఒకే రకం గింజలు చల్లండి. పలచటి మట్టి త్వరగా వేడెక్కుతుంది, అందులో మొలకలు ముందే కనిపించవచ్చు. మార్కు 4:5లో రాతినేల మీద పడ్డ విత్తనం, మట్టి లోతు లేదు కాబట్టి వెంటనే మొలిచింది అని ఉంది. ఆ "వెంటనే" దగ్గర ఆగండి. మనం సంబరపడేది సరిగ్గా దానికే! ఒక సభలో చెయ్యెత్తినవాళ్ళను లెక్కపెట్టి ఆనందిస్తాం. ఎండ ఎక్కాక పళ్ళెంలోవి వాలిపోతాయి, కుండీలోవి నిలబడతాయి. నీళ్ళ సంగతీ అంతే: రోజూ పైపైన చిలకరిస్తే వేళ్ళు పైపొరలోనే ఉండిపోతాయి, నేల లోపలికంటా తడిసేలా పోసి, కాస్త ఆరనిచ్చి మళ్ళీ పోస్తే అవి కిందికి దిగుతాయి. ఇది తెలుసుకున్నాక కొత్త విశ్వాసుల్ని వేదిక ఎక్కించే తొందర నాలో తగ్గింది. వాళ్ళతో కూర్చుని ఒక సువార్తను మొదటి నుంచి చివరిదాకా చదువుతాను.

ఇంటి లోపల

యేసయ్య ఇంటికొస్తే వడ్డించే పనుల్లో పడి, ఆయన మాట వింటూ కూర్చున్న తన సహోదరి మీద ఫిర్యాదు చేసిన మార్త పేరెత్తగానే మన స్త్రీలు తలదించుకుంటారు. అవసరం లేదు. లూకా 10:41లో ప్రభువు తప్పుపట్టింది వంటను కాదు, అనేకమైన పనుల గురించి ఆమె పడుతున్న విచారాన్ని, తొందరను. తర్వాత యోహాను 11:27లో "నీవు లోకమునకు రావలసిన దేవుని కుమారుడవైన క్రీస్తువు" అని ఒప్పుకున్నది ఆ మార్తే. 12:2లో మళ్ళీ విందు జరిగితే మార్త మళ్ళీ వడ్డిస్తూనే ఉంది. ఈసారి ఆమె ఫిర్యాదు చేసినట్టు అక్కడ లేదు.

1691లో చనిపోయిన బ్రదర్ లారెన్స్ పారిస్‌లో కార్మెలైట్ అనే క్రైస్తవ సన్యాసుల మఠం వంటగదిలో ఏళ్ళ తరబడి పనిచేశాడు. గిన్నెల చప్పుడు మధ్య కూడా ప్రార్థన సమయంలో ఉన్నంత నెమ్మదిగా దేవునితో ఉండటం ఆయన అభ్యాసం. అంతకు వెయ్యేళ్ళ ముందే, 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ అనే సన్యాసి రాసిన మఠ నియమావళిలో, మఠంలోని పనిముట్లన్నిటినీ బలిపీఠం మీది పాత్రల్లా చూడాలని ఉంది. గిన్నెలు తోమే వారాన్ని ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. రేడియో ఆపేయండి, ఫోన్ వేరే గదిలో పెట్టండి. ఒక్కో పళ్ళెం తోముతూ అందులో తిన్న మనిషి కోసం ఒక్క వాక్యం ప్రార్థించండి. ఆ పూట కోపం ఉన్న మనిషి పళ్ళెం కూడా వస్తుంది, దాన్ని దాటేయకండి.

ఊడ్చే వారానికి లూకా 15:8-10 చాలు. ఒక్క నాణెం కోసం దీపం వెలిగించి, ఇల్లంతా ఊడ్చి, దొరికేదాకా వెదికే స్త్రీ. అక్కడ పాపి గురించి దేవుని మనసును యేసయ్య ఆ స్త్రీని చూపించి చెప్పాడు. చీపురు పట్టుకున్నప్పుడు, సంఘానికి రావడం మానేసిన ఒకరి పేరు గుర్తు తెచ్చుకోండి.

రాసుకోండి, ఒక పని చేయండి

వారం చివర నోట్‌బుక్‌లో మూడు ముక్కలు రాస్తే సరిపోతుంది: ఏం చూశాను, ఏ భాగం చదివాను, రేపు ఏం చేస్తాను. మూడోది మాత్రం చేయగలిగేదై ఉండాలి. "ఇంకా ప్రేమగా ఉంటాను" అని రాయకండి. "అత్తయ్యకు ఫోన్ చేస్తాను" అని రాయండి.

పిల్లలతో చేసేటప్పుడు నీతి ముందే చెప్పేయకండి. గ్లాసు చూపించి "వేరు ఎటు పోతోంది?" అని అడిగి ఊరుకోండి. వాళ్ళు చెప్పేది మనం అనుకున్న పాఠం కాకపోవచ్చు. కథ చదివి, వాళ్ళ మాటలోనే దాన్ని కలపండి.

కొన్ని వారాలు ఏమీ దొరకదు. మొక్క చచ్చిపోతుంది, కారణం తెలియదు. దాన్నుంచి బలవంతంగా పాఠం పిండకండి. లూకా 13:6-9లో మూడేళ్ళుగా కాయని అంజూరపు చెట్టు కోసం తోటమాలి ఇంకో ఏడాది గడువు అడిగాడు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. తర్వాత కాసిందో లేదో యేసయ్య చెప్పలేదు. అలాంటి వారంలో మీరూ తవ్వి, ఎరువు వేసి ఊరుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఈ వరస తీసుకోండి: గింజకు మార్కు 4, పిండి పులియబెట్టే వారానికి మత్తయి 13:33, ఊడవడానికి లూకా 15, గిన్నెలకు లూకా 10తో పాటు యోహాను 11, 12, కలుపుకు మత్తయి 13. యోహాను 15ను మాత్రం మీ ప్రాంతంలో తీగలు కత్తిరించే కాలం వచ్చేదాకా ఆపి ఉంచండి. ద్రాక్షతీగ లేకపోతే కత్తిరించాల్సిన ఏ పాదైనా సరే, కత్తెర చేత్తో పట్టుకున్న రోజునే చదవండి.