సుపీరియర్ సరస్సు ఒడ్డున చలికాలపు పక్షులు – 4వ పాఠం: ముందు రెక్క కొస చూడండి

పోయిన పాఠంలో గోల్డెన్‌ఐ బాతు నీళ్లలో ఎన్ని సెకన్లు మునిగి ఉంటుందో లెక్కపెట్టమన్నాను. అది బాతుల గురించి మాత్రమే కాదు, ఒక పక్షి మీద చూపు నిలపడం అలవాటు కావాలని ఇచ్చిన పని. ఈసారి ఆ ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. ఎందుకంటే మనం గల్ పక్షుల (సీగల్స్) దగ్గరికి వచ్చాం.

"అన్నీ ఒకేలా ఉంటాయి" అని చాలామంది వీటిని వదిలేస్తారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న డులూత్ ఊళ్లో చలికాలంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే. మిన్నెసోటాలో చిన్న చెరువులన్నీ గడ్డకట్టిపోయాక కూడా సుపీరియర్‌లో నీళ్లు కదులుతూనే ఉంటాయి. అత్యంత లోతైన చోట 406 మీటర్లున్న సరస్సు అది. అంత నీరు చల్లబడాలంటే చాలా కాలం పడుతుంది, చాలా ఏళ్లు పూర్తిగా గడ్డకట్టనే కట్టదు. నీళ్లున్న చోటే తిండి. సూదితోక బాతులు చలికి మన కొల్లేరుకు దిగినట్టే, ఆర్కిటిక్‌లో పుట్టిన గ్లాకస్ గల్ డులూత్‌కు దిగుతుంది. మనం వణికిపోయే ఈ ఊరు దానికి వెచ్చటి దక్షిణాది.

డులూత్‌లోని కెనాల్ పార్క్‌లో లిఫ్ట్ బ్రిడ్జి పక్కన నిలబడండి. పగలంతా తిండి కోసం చెదిరిపోయిన గల్ పక్షులు సాయంత్రానికి నీళ్ల మీదికో మంచు మీదికో చేరతాయి. డిసెంబరులో నాలుగున్నరలోపే పొద్దుగుంకుతుంది కాబట్టి రెండున్నరకల్లా అక్కడుంటే మంచిది.

మొదట హెర్రింగ్ గల్‌ను బాగా చూడండి. ఇక్కడ మామూలుగా కనిపించేది అదే. బూడిదరంగు వీపు, గులాబీ రంగు కాళ్లు, చలికాలంలో తల మీద గోధుమరంగు చారలు. ఇప్పుడు అసలు సంగతి: రెక్క కొసలు నల్లగా, మధ్యలో తెల్ల చుక్కలతో ఉంటాయి. కనీసం యాభై హెర్రింగ్ గల్‌లను చూడకుండా వేరేదాని కోసం వెతక్కండి. మామూలుది కంటికి అలవాటు పడితే, వేరేది దానంతట అదే కనిపిస్తుంది.

కొస నల్లగా ఎందుకుంటుంది? నలుపునిచ్చే మెలనిన్ ఈకను గట్టిపరుస్తుంది. ఎగిరేటప్పుడు ఎక్కువగా అరిగేది కొసే. గ్లాకస్ గల్‌కు మాత్రం ఆ నలుపు అసలు లేదు. పెద్ద పక్షి, బరువైన ముక్కు, పాలిపోయిన వీపు, రెక్క కొస దాకా తెలుపు. తొలి చలికాలపు పిల్లయితే ఒళ్లంతా పాల టీ రంగులో ఉంటుంది. దాని ముక్కు చూడండి: గులాబీ రంగు, చివర మాత్రం సిరాలో ముంచినట్టు నలుపు. ఆ రెండు రంగుల మధ్య గీత గీసినంత స్పష్టంగా ఉంటుంది.

నా మొదటి చలికాలంలో మంచు మీద కూర్చున్న ఒక పక్షిని గ్లాకస్ అని డైరీలో రాసేశాను. అది నాకు ఎదురుగా కూర్చుంది. మడిచిన రెక్కల కొసలు తోక వైపు ఉంటాయి కదా, అవి నాకు కనిపించనే లేదు. పది నిమిషాల తర్వాత అది రెక్క చాచింది. నల్లటి కొసలు! ఆ రోజు నుంచి పక్షి తిరిగేదాకా, లేదా ఒళ్లు విరిచేదాకా పేరు రాయను. మీరూ రాయకండి.

ఇంకా చిక్కైనది ఐస్‌లాండ్ గల్. గ్లాకస్ కన్నా చిన్నది, గుండ్రటి తల, సన్నటి ముక్కు, తోకను దాటిపోయే పొడవైన రెక్కలు. కొసలు తెల్లగా ఉండొచ్చు, బూడిదగా ఉండొచ్చు, నల్లగానూ ఉండొచ్చు. నల్ల కొసలున్న రకాన్ని ఇదివరకు థేయర్స్ గల్ అని వేరే జాతిగా లెక్కపెట్టేవారు. 2017లో దాన్ని ఐస్‌లాండ్ గల్‌లో కలిపేశారు. ఆ నల్ల కొసల రకం ఎగిరేటప్పుడు పైనుంచి కొస నల్లగా, కిందినుంచి వెండిలా పాలిపోయి కనిపిస్తుంది. ఈ తేడా పట్టుకోవడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది. మీకూ టైమ్ పడితే కంగారు పడకండి.

చలి గురించి రెండు మాటలు. మైనస్ 20లో బైనాక్యులర్ ఎత్తినప్పుడు నోటితో ఊపిరి వదలకండి, అద్దాల మీద మంచు పేరుకుంటుంది. ఇంటికి రాగానే దాన్ని బ్యాగులోంచి తీయొద్దు. వెచ్చటి గాలి తగిలి లోపల చెమ్మ పడుతుంది. ఒకటి రెండు గంటలు అలాగే ఉంచండి. కెమెరా బ్యాటరీ కోటు లోపలి జేబులో పెట్టుకోండి.

ఈ వారం పని: ఒకే హెర్రింగ్ గల్‌ను అరగంట చూడండి. రెక్క కొస బొమ్మ పెన్సిల్‌తో వేయండి, తెల్ల చుక్కలు ఎక్కడున్నాయో గుర్తించండి. బొమ్మ అందంగా లేకపోయినా పర్లేదు. ఆ కాగితం దాచిపెట్టుకోండి. వచ్చే పాఠంలో అదే చోట మంచు గుడ్లగూబ కోసం చూస్తాం, దానికి ఎంత దూరంలో ఆగిపోవాలో కూడా నేర్చుకుంటాం.