టూ వీల్ జీపును ఫోర్ వీల్ చేసుకుందాం – 3వ పాఠం: ముందు హౌసింగు కొనేముందు

పోయిన పాఠంలో ట్రాన్స్‌ఫర్ కేసు దాకా వచ్చాం. గేరుబాక్సు వెనక కూర్చుని ఇంజను బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె అది. విల్లీస్ నుంచి మహీంద్రా పాత జీపులకి వచ్చిన తరహాలో అది కుడిపక్కకి దిగి ఉంటుంది, అందుకే ముందు డిఫరెన్షియల్ (ఇరుసులో ఉండి వచ్చిన బలాన్ని రెండు పక్కల చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) కూడా కుడిపక్కే ఉండాలి అని చెప్పుకున్నాం. మీ బండి కింద దూరి వెనక డిఫరెన్షియల్ మధ్యలో ఉందా కుడికి జరిగి ఉందా చూసి రాసుకోమన్నాను కదా, ఆ కాగితం ఇవాళ దగ్గర పెట్టుకోండి. ఇంకా చూడని వాళ్లు ముందు చూసి రండి, ఎందుకంటే వెనకది మధ్యలో ఉంటే ఆ ట్రాన్స్‌ఫర్ కేసుతో పాటు వెనక హౌసింగు, అంటే డిఫరెన్షియల్, షాఫ్టులు లోపల ఉండే ఇరుసు కూడా మార్చాల్సి వస్తుంది, అప్పుడు ఖర్చు లెక్క మొత్తం వేరు.

మొదటి పాఠంలో చెప్పిన కాగితాల సంగతి మరోసారి గుర్తు చేస్తాను, విసుక్కోకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు, సుప్రీం కోర్టు 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. కాబట్టి రోడ్డు మీద తిప్పే బండి అయితే పానా పట్టుకోకముందే ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లి రాతపూర్వకంగా అడగండి, కుదరదంటే ఆగిపోండి. పని అంతా అయ్యాక వెళ్లి అడగడం తప్పు.

ఇక పాఠం. టూ వీల్ జీపులో, అంటే ఇంజను వెనక చక్రాల్నే తిప్పే జీపులో, ముందు ఇరుసుకి రెండే పనులు, బరువు మోయడం, చక్రాలు పక్కకి తిరగనివ్వడం. ఎడ్లబండి ఇరుసులాగే అది తనంతట తాను తిప్పేదేమీ లేదు, చక్రాలు దాని చివర ఊరికే దొర్లుతుంటాయి. మనం దాన్ని తీసేసి మధ్యలో డిఫరెన్షియల్, లోపల షాఫ్టులు, చివర్లలో వంగుతూ తిరిగే జాయింట్లు ఉన్న హౌసింగు పెట్టబోతున్నాం. ఇది కొత్తది దొరకడం కష్టం, ఎక్కువమంది తుక్కులోంచే తెచ్చుకుంటారు. తుక్కులో కొనేటప్పుడు అందరూ తుప్పు చూస్తారు, బేరింగు చూస్తారు, ధర చూస్తారు. నేనైతే అన్నిటికన్నా ముందు నిష్పత్తి చూడమంటాను, ఈ పాఠంలో సగం దాని గురించే.

నిష్పత్తి అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్టు (ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి డిఫరెన్షియల్ దాకా పోయే పొడుగు కడ్డీ) ఎన్ని చుట్లు తిరగాలి అన్నది. డిఫరెన్షియల్‌లో ఆ షాఫ్టు తిప్పే చిన్న పళ్ల చక్రం పినియను, అది తిప్పే పెద్ద పళ్ల చక్రం క్రౌను. క్రౌనుకి 43 పళ్లు, పినియనుకి 8 పళ్లు ఉంటే 43ని 8తో భాగించండి, 5.375 వస్తుంది. దీన్నే 5.38 అంటారు. 39, 8 అయితే 4.875, దీన్ని 4.88 అంటారు. 47, 11 అయితే 4.27. పాత జీపుల హౌసింగులు వెతుకుతుంటే ఈ అంకెలు మీకు మళ్లీ మళ్లీ తగులుతాయి. బయటినుంచి చూస్తే 43/8 హౌసింగుకీ 39/8 హౌసింగుకీ తేడా ఏమీ కనిపించదు, రెండూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఫోర్ వీల్ లివరు వేయగానే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకదానికొకటి కట్టేసినట్టు ఒకే వేగంతో తిరుగుతాయి, ఈ జీపుల్లో ఆ రెండిటి మధ్య తేడాని సర్దే డిఫరెన్షియల్ ఏదీ లేదు. ఇప్పుడు వెనక 43/8 ఉండి ముందు 39/8 పడిందనుకోండి. షాఫ్టులు ఒకే వేగం, కానీ ముందు చక్రాలు దాదాపు పది శాతం ఎక్కువ తిరుగుతాయి. అంటే వెనక చక్రాలు 100 మీటర్లు నడిచేలోపు ముందు చక్రాలు 110 మీటర్లు నడవాలని చూస్తాయి. బండి ఒక్కటే కదా, ఆ పది మీటర్లు ఎక్కడికి పోతాయి? బురదలో, ఇసుకలో అయితే టైర్లు జారి సర్దుకుంటాయి, మనకి తెలియను కూడా తెలియదు. తారు రోడ్డు మీద జారే దారి లేదు, ఆ బలమంతా షాఫ్టుల్లో, జాయింట్లలో, ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లలో మెలి పడి కూర్చుంటుంది.

ఇది నాకు అనుభవంలో తెలిసింది. మొదటి బండికి ఒక తుక్కు కొట్టులో ముందు హౌసింగు కొన్నాను. "నలభై మూడు ఎనిమిదే అన్నా, నాది గ్యారంటీ" అని చెప్తే నమ్మి తెచ్చి బిగించేశాను. పొలాల్లో, వాగు ఇసుకలో అద్భుతంగా నడిచింది, వారం రోజులు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. తర్వాత మారేడుమిల్లి వైపు అడవిలో మట్టిదారి దిగి తారు రోడ్డు ఎక్కాక లివరు తీయడం మర్చిపోయాను. అర కిలోమీటరు కూడా పోలేదు, స్టీరింగు బరువెక్కింది, బండిని ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టుంది, ముందు టైర్లు కీచుమంటున్నాయి. ఆపి లివరు లాగితే రాదు. రెండు చేతులతో లాగినా రాలేదు. ఒకటే టెన్షన్. చివరికి రివర్సు వేసి నాలుగైదు అడుగులు వెనక్కి పోనిస్తే లోపల మెలి వదిలి 'ఠక్' మని వచ్చేసింది. ఇంటికొచ్చి కింద దూరి చూస్తే ముందు షాఫ్టు క్రాస్ జాయింటు కప్పు పగిలి, లోపలి సూది బేరింగులు సగం రాలిపోయి ఉన్నాయి. హౌసింగు విప్పి పళ్లు లెక్కపెడితే 39. నిష్పత్తి సరిపోయిన బండిలో కూడా తారు మీద లివరు వేసి ఉంచకూడదు, ఎందుకంటే మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా పెద్ద చుట్టు తిరుగుతాయి. కానీ నాది తిన్నటి రోడ్డు మీదే పట్టేసింది, అదీ తేడా.

అమెరికాలో 1950ల్లో మినియాపొలిస్‌కి చెందిన నాప్‌కో అనే సంస్థ మామూలు ట్రక్కుల్ని ఫోర్ వీల్ చేసే కిట్లు అమ్మేది, షెవ్రొలే 1957 నుంచి వాటిని ఫ్యాక్టరీలోనే బిగించి ఇవ్వడం మొదలుపెట్టింది. అలా కిట్టుగా కొనుక్కున్నవాళ్లకి ఈ పళ్ల లెక్క తయారీదారు చూసిపెట్టేవాడు. తుక్కులోంచి ఏరుకునే మనకి ఆ లెక్క మన పనే.

సరే, ముందు మీ బండి వెనక నిష్పత్తి కొలుద్దాం. సమతలం మీద ఆపి ముందు చక్రాలకి అటూ ఇటూ దిమ్మలు పెట్టండి, వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపి ఇరుసు కింద గట్టి స్టాండు పెట్టండి, రెండో వెనక చక్రం నేల మీదే ఉండి దానికీ దిమ్మలు ఉండాలి. ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా వినండి. పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల మీద కాకుండా ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టు మీద ఉండటం మామూలే. అలాంటి బండిలో ఒక చక్రం గాల్లోకి లేవగానే హ్యాండ్ బ్రేకు వేసినా బండి ఆగదు, డిఫరెన్షియల్ లేచిన చక్రాన్ని వెనక్కి తిప్పేసి బండిని దొర్లనిస్తుంది. అందుకే దిమ్మలు పెట్టకుండా కింద దూరొద్దు. కొలిచేటప్పుడు ఎలాగూ షాఫ్టు తిరగాలి కాబట్టి హ్యాండ్ బ్రేకు వదిలేసి గేరు న్యూట్రల్‌లో పెట్టాలి, అప్పుడు బండిని పట్టుకునేవి ఆ దిమ్మలే.

చాక్‌పీసుతో లేపిన టైరు మీద ఒక గీత, దానికి ఎదురుగా మడ్‌గార్డు మీద ఒక గీత గీయండి. ప్రొపెల్లర్ షాఫ్టు మీద కూడా ఒక గీత. ఒకరు టైరు తిప్పాలి, ఇంకొకరు పక్కన కూర్చుని షాఫ్టు చుట్లు పైకి లెక్కపెట్టాలి. ఒక చక్రం నేలకి ఆగి ఉన్నప్పుడు రెండో చక్రం రెండు చుట్లు తిరిగితే క్రౌను ఒక్క చుట్టే తిరుగుతుంది, ఇది డిఫరెన్షియల్ గుణం. అందుకని టైరుని సరిగ్గా 16 చుట్లు తిప్పండి, క్రౌను 8 చుట్లు తిరుగుతుంది. ఎనిమిదే ఎందుకంటే పినియనుకి 8 పళ్లుంటే షాఫ్టు తిరిగిన చుట్లే క్రౌను పళ్ల సంఖ్య అవుతుంది. 43 చుట్లు వస్తే 43/8, 39 వస్తే 39/8, భాగహారం అక్కర్లేదు. 34 దాటి కొంచెం వస్తే 47/11 అయి ఉంటుంది. చాలామంది రెండు చుట్లు తిప్పి "అయిదు పైచిలుకు వచ్చింది" అని ఆపేస్తారు, అలా ఉజ్జాయింపుగా కొలిస్తే 5.38కీ 4.88కీ మధ్య పొరబడటం తేలిక. పదహారు చుట్లు తిప్పితే నాలుగు చుట్ల తేడా వస్తుంది, ఇక పొరబడే అవకాశం లేదు. రెండుసార్లు చేసి రెండుసార్లూ ఒకే అంకె వస్తేనే రాసుకోండి.

తుక్కు కొట్టులో నేల మీద పడి ఉన్న ముందు హౌసింగుకీ ఇదే పద్ధతి. స్టీరింగు చేతుల్ని తిన్నగా పెట్టి, ఒకవైపు హబ్బుని (చక్రం బిగించే భాగాన్ని) తాడుతో హౌసింగుకి కట్టేసి, రెండోవైపు హబ్బుని 16 చుట్లు తిప్పుతూ పినియను ఫ్లాంజి (ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే పళ్లెం) చుట్లు లెక్కపెట్టండి. ఫ్రీ వీలింగ్ హబ్బులు (చక్రాన్ని షాఫ్టు నుంచి విడదీయగలిగేవి) ఉంటే రెండూ లాక్‌లో ఉండాలి, లేకపోతే హబ్బు తిరుగుతుంది గానీ లోపల షాఫ్టు తిరగదు, మీరు ఎంత తిప్పినా పినియను కదలదు. కొట్టువాడు ఒప్పుకుంటే డిఫరెన్షియల్ మూత విప్పించండి. క్రౌను అంచున పళ్ల సంఖ్యలు కొట్టి ఉండటం మామూలే, గుడ్డతో తుడిచి చూడండి. మూత తీసినప్పుడు కారే ఆయిలుని వేలి మీద వేసుకుని ఎండలో చూడండి. పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు చేరాయి, బేరింగుల మీద తుప్పు ఉంటుంది. మిలమిలా మెరిస్తే లోహపు పొడి, ఏ పన్ను అరిగిందో వెతకాలి. మూత విప్పనివ్వని కొట్టులో నేను కొనను.

నిష్పత్తి సరిపోయాక మిగతావి చూడండి. చివర్లలో గుండ్రటి గుండు, దాని చుట్టూ చక్రంతో పాటు పక్కకి తిరిగే నకుల్ ఉంటాయి, ఆ గుండు మీద వేలు పోనిస్తే నున్నగా ఉండాలి. తుప్పు గుంటలు పడితే కొత్త సీలు వేసినా ఆయిలు బయటికి కారిపోతుంది. హబ్బుని పైనా కిందా పట్టి ఊపండి, కదలిక వస్తే కింగ్‌పిన్ (నకుల్ పక్కకి తిరగడానికి ఆధారమైన పిన్ను) బేరింగులో వీల్ బేరింగులో అరిగినట్టు, ఇవి మార్చుకోవచ్చు, ధరలో తగ్గించమనండి. తర్వాత నకుల్‌ని పూర్తిగా ఒక పక్కకి తిప్పి పినియనుని చేత్తో తిప్పండి, 'కటక్ కటక్' అని ఆగి ఆగి తిరిగితే లోపలి జాయింటు పోయింది. రెండు పక్కలా చూడాలి. డిఫరెన్షియల్ కుడికి ఉంది కాబట్టి కుడి షాఫ్టు పొట్టిది, ఎడమది పొడుగు, ఒకటి పోతే రెండోది దాని బదులు పనికిరాదు.

చక్రం బోల్టులు అయిదు, వాటి వలయం అయిదున్నర అంగుళాలు ఉంటే మీ పాత జీపు చక్రాలే ఎక్కుతాయి. కమాన్ పట్టీలు కూర్చునే రెండు పీఠాల మధ్య దూరం మీ పాత ఇరుసు మీద ఎంతుందో కొలిచి తీసుకెళ్లండి, అర అంగుళం తేడా ఉన్నా పట్టీలు వంకరగా లాగుతాయి, వెల్డింగు చేసి జరపాలంటే ఇరుసు కోణం చెడకుండా చేసే మంచి పనివాడు కావాలి. బ్రేకు గొట్టాలు ఎటూ కొత్తవి వేయాల్సిందే.

చాలామంది మర్చిపోయేది ఆయిలు సంపు, అంటే ఇంజను అడుగున ఆయిలు ఉండే తొట్టి. టూ వీల్ ఇరుసు పల్చగా ఉంటుంది, దాని పైన ఎంత ఖాళీ ఉందో ఎవరూ పట్టించుకోరు. కొత్త హౌసింగులో డిఫరెన్షియల్ పట్టీ పీఠం కన్నా ఎంత ఎత్తుకి లేచి ఉందో కొలవండి, మీ బండి ఇరుసు పీఠం నుంచి ఆ కుడిపక్కన ఇంజను దాకా, సంపు దాకా ఎంత ఖాళీ ఉందో కొలవండి. గుంటలో పడ్డప్పుడు ఇరుసు బంపు రబ్బరు తగిలేదాకా పైకి లేస్తుంది, ఆ దూరం కూడా తీసేస్తే మిగిలింది ఒక అంగుళం కన్నా తక్కువైతే ఆ పని అలాగే చేయొద్దు.

టైర్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. 6.00-16 టైరు వ్యాసార్థం 365 మిల్లీమీటర్ల వరకూ ఉంటుంది. వెనక కొత్తవి వేసి ముందు 8 మిల్లీమీటర్లు అరిగినవి ఉంచితే రెండు శాతం పైగా తేడా, పళ్లు సరిపోయినా మెలి మళ్లీ మొదలవుతుంది. నాలుగూ ఒకే సైజు, ఒకే అరుగుదల, ఒకే గాలి ఉండాలి.

వచ్చే పాఠానికి మీ పని ఇది. వెనక టైరు 16 చుట్లకి షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో, పట్టీ పీఠాల మధ్య దూరం, సంపు కింద ఖాళీ, ఈ మూడూ కాగితం మీద రాసి ఉంచండి. హౌసింగు ఇంకా కొనొద్దు. వచ్చేసారి ముందు ప్రొపెల్లర్ షాఫ్టు పొడుగు కొలుద్దాం, దానికి బండి బరువు చక్రాల మీద ఉండాలి కాబట్టి జాకీ తీసేసి నేల మీదే ఉంచండి.