నాలుగైదేళ్ల పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పాలంటే లైను కట్టించకండి, ఆడించండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి పిల్లలకి ఆదివారం పొద్దుట ఫుట్‌బాల్ నేర్పుదామని మొదలుపెట్టిన కొత్తల్లో, పదహారు మందిని వరసగా నిలబెట్టి, ముందు ఒక్క బంతి పెట్టి, ఒక్కొక్కరే వచ్చి తన్నండి అన్నాను. నలుగురు తన్నేసరికి వెనకున్నవాళ్లు కూర్చుని ఇసక తవ్వుతున్నారు, ఇద్దరు జుట్లు పట్టుకున్నారు, ఒక పాప వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి కొంగు పట్టుకుని ఇక రానంది. ఆ నెలంతా రాలేదు కూడా. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే తప్పు పాపది కాదు. ముప్పావుగంటలో పదహారు మందికి ఒక్క బంతి అంటే ఒక్కొక్కరికి మూడు నిమిషాలు కూడా రాదు, మిగతా సేపంతా ఊరికే నిలబడాలి. నాలుగేళ్ల పిల్ల ఎందుకు నిలబడుతుంది?

అందుకని మీరు ఎక్కడ మొదలుపెట్టినా, గుణుపురంలో అయినా రాయగడలో అయినా, ఈ ఒక్కటి పట్టుకోండి. ఎవరి బంతి వాళ్లకి, ఎవరూ లైనులో నిలబడరు, ఎవరూ అవుట్ అయి బయట కూర్చోరు. కింద చెప్పే ఆటలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

బంతి సంగతి ముందు. పెద్దవాళ్లు ఆడేది 5వ సైజు, చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. అది ఐదేళ్ల పిల్లాడి కాలికి రాయిలా తగులుతుంది, రెండుసార్లు తన్ని మూడోసారి భయపడతాడు. షాపులో 3వ సైజు అని అడిగి తీసుకోండి, చుట్టుకొలత 60 సెంటీమీటర్లలోపే ఉంటుంది, తేలిక. గాలి మరీ బిగించొద్దు, బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి. అందరికీ ఫుట్‌బాల్ కొనలేకపోతే మెత్తటి రబ్బరు బంతులైనా పర్వాలేదు, కానీ తలా ఒకటి ఉండాలి.

గ్రౌండ్‌కి పిల్లలకంటే ఓ పావుగంట ముందు వెళ్లి, మీరు ఆడించే చోటంతా అటూ ఇటూ నడిచి చూడండి. గాజు ముక్కలు, మేకులు, ముఖ్యంగా పల్లేరుకాయలు. మన దగ్గర సగం మంది పిల్లలు ఉత్తికాళ్లతో వస్తారు, ఒకరిద్దరు మాత్రం కొత్త బూట్లు వేసుకుని వస్తారు, ఆ బూటు పక్కవాడి వేళ్ల మీద పడిందంటే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. అందుకే మా దగ్గర ఒకటే పద్ధతి పెట్టుకున్నాం, నేల బాగుంటే అందరూ ఉత్తికాళ్లే. విప్పిన చెప్పులే మాకు గేట్లు, గోల్‌పోస్టులు. కోన్‌లు కొనాల్సిన పని లేదు, ఇటుకలు మాత్రం పెట్టకండి, తగిలితే కాలి గోరు లేచిపోతుంది.

ఇంక ఆటలు.

మొదట అందరూ తలో బంతి తీసుకుని మీ చుట్టూ ఇష్టం వచ్చినట్టు తిరగాలి. మీరు "పద" అంటే బంతి తోసుకుంటూ వెళ్లాలి, "ఆగు" అంటే బంతి మీద అరికాలు పెట్టి ఆపాలి. మా గుంపులో తెలుగు ఇంటి పిల్లలు, ఒడియా ఇంటి పిల్లలు, ఇంట్లో సవర మాట్లాడే పిల్లలు కలిసి ఉంటారు కాబట్టి నేను "ఆగు" అని, వెంటనే ఒడియాలో "రుహ" అని రెండూ అంటాను. రెండు వారాల్లో అందరికీ రెండు మాటలూ వచ్చేస్తాయి. ఇది కుదిరాక ఒంటి భాగాలు పిలవండి. "మోకాలు!" అంటే పరుగు ఆపి బంతిని మోకాలితో తాకాలి, ఆ తర్వాత "ఆంఠు!" అంటే కూడా అదే. "ముక్కు!", "నాకొ!", "వీపు!", "పిఠి!" ఇలా. వీపు అనగానే అందరూ బంతి మీద వెల్లకిలా పడుకుని నవ్వుతుంటే, మొదటి రోజు బెదురుతో వచ్చిన పిల్ల కూడా కలిసిపోతుంది. ఇందులో ఫుట్‌బాల్ ఏముందని ఒక నాన్నగారు నన్ను అడిగారు. బంతిని కాలికి దగ్గరగా ఉంచుకుంటేనే పిలిచిన వెంటనే ఆపగలరు, దూరంగా తన్నేసినవాళ్లు దాని వెనక పరిగెత్తాలి, రెండోసారి వాళ్లే చిన్నగా తోస్తారు. నేను నోటితో చెప్పక్కర్లేదు.

మా పిల్లలు ప్రతివారం అడిగి మరీ ఆడేది మొసలి ఆట. పెద్ద అడుగులతో ఓ ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు గీత గీయండి, అది మహేంద్రతనయ ఏరు అని చెప్పండి. పిల్లలంతా ఒక గట్టు మీద బంతులతో ఉంటారు, మొసలి నీళ్లలో బంతి లేకుండా ఉంటుంది. మొదటి మొసలి మీరే అవ్వండి, నెమ్మదిగా, చేతులు బాగా చాచి, నోరు తెరుస్తూ కదలండి. "కుంభీరొ (ఒడియాలో మొసలి) వస్తున్నాదర్రా!" అంటే చాలు, కేకలు వీధి చివరిదాకా వినిపిస్తాయి. పిల్లలు బంతి తోసుకుంటూ అవతలి గట్టుకి చేరాలి, మొసలి ఎవరి బంతినైనా ఏటి బయటికి తన్నేస్తే ఆ పిల్లాడు కూడా మొసలి అయిపోతాడు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు, బంతి పోయినవాళ్లని బయట కూర్చోబెడతారు. అలా చేస్తే ముందు కూర్చునేది ఎప్పుడూ ఆట అంతగా రానివాళ్లే, అంటే ఎవరికి ఎక్కువ ఆట కావాలో వాళ్లకే తక్కువ దొరుకుతుంది. మొసలి అవ్వడం పిల్లలకి శిక్షలా ఉండదు, పైగా కావాలని బంతి వదిలేసేవాళ్లు కూడా ఉంటారు, ఉండనివ్వండి, ఎదుటివాడి కాలి దగ్గరి బంతిని లాగడం కూడా ఆటలో భాగమే కదా. నలుగురైదుగురు మొసళ్లు అయ్యేసరికి మిగిలిన పిల్లలు తల ఎత్తి ఖాళీ ఎక్కడుందో చూడడం మొదలుపెడతారు. పెద్ద పిల్లలకి నెలల తరబడి "తల ఎత్తి ఆడు" అని అరిచినా రాని అలవాటు అది.

తోకలాట దీని తర్వాత బాగుంటుంది. పాత చీర అంచు చింపి మూరెడు ముక్కలు చేసి, నిక్కరు వెనక దోపండి, కట్టొద్దు, లాగితే ఊడి రావాలి. మొదట బంతి లేకుండా ఒకరి తోక ఒకరు లాక్కోవాలి. తోక పోయినవాళ్లు మీ దగ్గరికి వస్తే ఇంకో తోక ఇవ్వండి, అందుకే ముక్కలు ఎక్కువ ఉంచుకోవాలి. రెండో విడత బంతి తోసుకుంటూనే లాగాలి.

వాకిలి ఊడ్చే ఆట చెప్పడం తేలిక. మధ్యలో గీత, అటో జట్టు ఇటో జట్టు, బంతులన్నీ చెత్త. ఒక నిమిషం పాటు మన వాకిట్లో చెత్తని తన్ని వాళ్ల వాకిట్లోకి పంపాలి, నిమిషం అయ్యాక ఎవరి వాకిట్లో ఎన్ని ఉన్నాయో అందరూ కలిసి గట్టిగా లెక్కపెట్టాలి. అంకెలు కూడా వస్తాయి. ఏడుపెంకులాట మనందరికీ తెలిసిందే, పెంకుల బదులు ఖాళీ ప్లాస్టిక్ సీసాలు నిలబెట్టి చేత్తో కాకుండా కాలితో కొట్టించండి, నాలుగైదు చోట్ల పెట్టండి, ఒకేచోట పెడితే మళ్లీ లైను తయారవుతుంది.

ఒడ్డున నిలబడే అమ్మానాన్నల గురించి కూడా చెప్పాలి. "కొట్టు కొట్టు, అటు కాదురా ఇటు" అని ఆరుగురు ఆరు రకాలుగా అరుస్తుంటే పిల్లలు బంతిని వదిలేసి వాళ్ల మొహాలు చూస్తారు. వద్దని చెప్తే నొచ్చుకుంటారు, అందుకని వాళ్లని ఆటలోకి లాగేశాను. "మావయ్యా, మీరు ఇక్కడ కాళ్లు ఎడంగా పెట్టి నిల్చోండి, పిన్నీ, మీరు అక్కడ" అని గ్రౌండంతా నిలబెట్టి, పిల్లలు వాళ్ల కాళ్ల సందుల్లోంచి బంతి పంపాలన్నమాట. ఒక నిమిషంలో ఎన్ని గేట్లు దాటించారో లెక్క. చీరలో ఉన్నవాళ్లు ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని గేటు అవుతారు. ఆ వారం నుంచి అరుపులు తగ్గాయి.

ఆడపిల్లల్ని ఏడేళ్లు వచ్చేసరికి మాన్పించేస్తారు, ఇది నాకు చాలా కష్టంగా ఉంటుంది. 2022 అక్టోబరులో అండర్-17 ఆడపిల్లల ప్రపంచకప్‌లో మన దేశం జట్టు ఆడిన మూడు మ్యాచ్‌లూ మన భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనే జరిగాయి, ఇంటికి వెళ్లి ఈ మాట చెప్పండి, ఇద్దరు తల్లులు విని మళ్లీ పంపారు.

హెడింగ్ మాత్రం ఆడించొద్దు. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లోనే పదేళ్లలోపు పిల్లలు బంతిని తలతో కొట్టకూడదని నిర్ణయించింది. ఎవరైనా టీవీలో చూసి ఎగిరితే బంతి కింద పెట్టించేయండి.

మొత్తం ముప్పావుగంట చాలు. ఎండాకాలంలో ఆరింటికే మొదలుపెట్టి ఏడు లోపు ఇళ్లకి పంపేయాలి, పది నిమిషాలకోసారి అడగకముందే నీళ్లు తాగించాలి, ఆటలో పడితే వాళ్లకి దాహం గుర్తుండదు. ఏ ఆటైనా ఆరేడు నిమిషాలు దాటనివ్వకండి, ఇంకా కావాలని గోల పెడుతున్నప్పుడే ఆపితే వచ్చేవారం దానికోసమే వస్తారు. ఏడుస్తూ వచ్చిన పిల్లని బలవంతంగా దించొద్దు, చెయ్యి పట్టుకుని "నువ్వు నా పిల్ల మొసలివి" అని మీతో తిప్పుకోండి. నన్ను వదిలి వెళ్లిపోయిందన్నానే, ఆ పాప తర్వాత నెలలో అలాగే నా వేలు పట్టుకుని మొసలిగా మొదలైంది.

చివరి పది నిమిషాలు మ్యాచ్. ఒక్కో వైపు ముగ్గురు లేదా నలుగురు, గోల్‌కీపర్ లేడు, చెప్పుల గోల్‌పోస్టులు. పదహారు మంది ఉంటే రెండు మ్యాచ్‌లు పక్కపక్కనే పెట్టండి, ఒకటే పెద్ద మ్యాచ్ పెడితే పదిమంది నిలబడి చూస్తారు. తేనెటీగల్లా అందరూ బంతి చుట్టూ మూగుతారు, మూగనివ్వండి, ఈ వయసుకి అదే ఆట. ఎవరు గోల్ కొట్టినా రెండు జట్లూ చప్పట్లు కొట్టాలి.

విజిల్ ఊదాక గేట్లుగా పెట్టిన చెప్పులన్నీ మధ్యలో కుప్ప పోసి, ఎవరి జత వాళ్లు వెతుక్కుని ముందు వేసుకున్నవాళ్లు అరటిపండు తీసుకోవచ్చని చెప్పండి. పండ్లు మాత్రం అందరికీ సరిపడా తేవాలి.