పాత బండి లోను, కొత్తగా కోర్టు సమన్లు – 3వ భాగం: జవాబు దావా తయారీ

పాత బండి లోను బాకీ కోసం ఫైనాన్స్ వాళ్లు దావా వేస్తే, సమన్లు అందిన తేదీ రాసి పెట్టుకోవడం, ప్లెయింట్ (వాళ్లు కోర్టులో వేసిన దావా పత్రం) కాపీ తెచ్చుకోవడం, మన తరఫున వాదించమని లాయరుకు వకాలత్ ఇవ్వడం పోయిన భాగాల్లో చూశాం. ఇప్పుడు జవాబు దావా, అంటే ప్లెయింట్‌కు మీరు రాతపూర్వకంగా ఇచ్చే జవాబు. డబ్బు వసూలుకు వేసే మామూలు మనీ సూట్‌లో సమన్లు అందిన 30 రోజుల్లోపు వేయాలి. సరైన కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా అనుమతించవచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 37 కింద వేసిన సమరీ సూట్ (త్వరగా తేల్చే దావా) అయితే 10 రోజుల్లోనే హాజరు నమోదు చేయించుకోవాలి. దాని పద్ధతి వేరు, ఈ పాఠం దానికి పనికిరాదు.

"అంతా లాయరు గారు చూసుకుంటారు" అని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఆయనకు చట్టం తెలుసు. మీరు ఆఖరి కిస్తీ ఎప్పుడు కట్టారో, బండి ఏ రోజు పట్టుకెళ్లారో ఆయనకెలా తెలుస్తుంది? అందుకే ముందు తేదీల పట్టీ మీరే రాయండి: అగ్రిమెంటు, ఆఖరి చెల్లింపు, బండి సీజ్, వేలం, వచ్చిన నోటీసులు, చివరగా దావా వేసిన రోజు.

ఇలాంటి బాకీకి దావా వేయడానికి గడువు సాధారణంగా 3 ఏళ్లు. లెక్క సమన్లు మీకు అందిన రోజుకు కాదు, దావా వేసిన రోజుకు చూడాలి. పాత లోన్లలో ఇంకో మెలిక ఉంది. కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు ఈ లెక్కలోంచి మినహాయించింది. ఆఖరి కిస్తీ 2017 ఏప్రిల్ 5న కట్టాల్సి ఉందనుకుందాం. 3 ఏళ్లు 2020 ఏప్రిల్ 5కి నిండాలి, అది మినహాయింపులో పడింది. అలాంటి వాటికి 2022 మార్చి 1 నుంచి 90 రోజులిచ్చారు, అంటే ఆ మే నెలాఖరు దాకా. దావా 2023లో వేశారా, గడువు దాటిందని గట్టిగా వాదించొచ్చు.

అయితే గడువు లోపల మీరు బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టి కాగితం ఇచ్చినా, కొంత కట్టినట్టు మీ రాతలోగానీ సంతకంతోగానీ ఆధారం ఉన్నా, 3 ఏళ్లు అక్కడి నుంచి మళ్లీ మొదలవుతాయి. గడువు దాటాక కూడా "కడతాను" అని రాసి సంతకం చేస్తే అది కొత్త ఒప్పందం కింద మెడకు చుట్టుకుంటుంది. కేసు నడుస్తుండగా సెటిల్‌మెంట్ పేరుతో ఇంటికొచ్చే ఏజెంటు ముందు పెన్ను తీయకండి.

ఇక రాత. ప్లెయింట్‌లో ఇలాంటి పేరా ఉంటుంది:

"4. ప్రతివాది కిస్తీలు ఎగ్గొట్టగా, వాది వాహనాన్ని స్వాధీనం చేసుకుని అమ్మి, వచ్చిన సొమ్ము జమ చేయగా ఇంకా రూ.1,86,400 బకాయి ఉన్నది."

దీనికి "4వ పేరా అబద్ధం" అని రాస్తే సరిపోదు. స్పష్టంగా కాదనని మాటను కోర్టు ఒప్పుకున్నట్టే తీసుకోవచ్చు. ఇలా విడదీయండి:

"4. వాహనాన్ని వాది స్వాధీనం చేసుకున్న మాట నిజం. అమ్మకానికి ముందు ప్రతివాదికి నోటీసు ఇవ్వలేదు. ఎవరికి, ఎంతకు అమ్మారో, ఆ సొమ్ము ఏ తేదీన జమ చేశారో వాది చూపలేదు. రూ.1,86,400 బకాయి ఉందన్న మాటను ప్రతివాది నిరాకరిస్తున్నాడు, దాన్ని వాదే రుజువు చేసుకోవాలి."

నిజమైనది ఒప్పుకోండి, లేకపోతే మిగతా మాటలకూ విలువ పోతుంది. నోటీసు నిజంగా అందితే అందలేదని రాయకండి, జవాబు దావా కింద వెరిఫికేషన్ (రాసింది నిజమేనన్న ధ్రువీకరణ) సంతకం మీదే. "బండి తీసుకుపోయారు కాబట్టి ఇక బాకీ లేదు" అన్నది కూడా చాలామంది నమ్మకమే తప్ప చట్టం కాదు. అమ్మగా తగ్గిన మొత్తానికి దావా వేయొచ్చు. మీ బలం అమ్మిన ధరలో, వడ్డీ, పెనాల్టీ లెక్కల్లో ఉంటుంది.

గడువు దాటిందన్న (కాలపరిమితి) వాదనను విడి పేరాగా, తేదీలతో రాయండి. మీరు లేవనెత్తకపోయినా దాన్ని చూడాల్సిన బాధ్యత కోర్టుకుంది, అయినా అడగడం మీ పని. అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ క్లాజు (తగాదాను కోర్టు బయట మధ్యవర్తి తేల్చాలన్న షరతు) ఉండి, ఆ దారిలో వెళ్లాలనుకుంటే జవాబు దావా వేయకముందే లాయరుతో తేల్చుకోవాలి, తర్వాత అడిగితే ఆలస్యమే.

వచ్చే భాగానికి మీ పని: బ్యాంకు పాస్‌బుక్‌లో కిస్తీలు కట్ అయిన ప్రతి ఎంట్రీనీ, ఫైనాన్స్ వాళ్లు వేసిన లెక్కనూ పక్కపక్కన పెట్టి, కలవని వరసల్ని పెన్సిల్‌తో గుర్తుపెట్టి ఉంచండి. డాక్యుమెంట్ల జాబితా వాటితోనే మొదలుపెడదాం.