కోతల టైంలో రొమ్ము నొప్పి: నొక్కి చూసి తేల్చుకోమాకండి

పోయిన వారం నెల్లూరు జిల్లా బుచ్చి పక్కన మా ఊర్లో వడ్ల లోడింగ్ జరగతా ఉంటే, మాకు పెదనాయన వరసయ్యే ఆయన ఎడమ రొమ్ము పట్టేసిందని కళ్లంలోనే కూలబడినాడు. 52 ఏళ్లు, షుగర్ ఉంది. పక్కనున్నోడు వేలితో నొక్కి "ఈడేనా మావా" అంటే అబ్బా అన్నాడు. ఇంకేముంది, నొక్కితే నొప్పొస్తా ఉంది గదా, బస్తా పట్టులే అని బామ్ రుద్ది సోడా తాపి చెట్టు కింద పడుకోబెట్టినారు. నాలుగ్గంటలు. ఆ తర్వాత నెల్లూరు తీసకపోతే హార్ట్ ఎటాక్ అన్నారు. బతికినాడు గానీ ఇప్పుడు పది మెట్లెక్కితే ఆయాసం.

ఆ నొక్కే విద్య మా ఊరికి నేర్పింది నేనే. రెండేళ్ల కింద నాకూ ఇట్టాంటి నొప్పే వస్తే డాక్టరు నొక్కి చూసి, ఎముక వాపేలే పో అన్నాడని అందరికీ చెప్పుకున్నా. నొక్కే ముందు ఈసీజీ, రక్తపరీక్ష చేయించిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలా.

పక్కటెముక రొమ్ము ఎముకకి నేరుగా అతుక్కోదు, మధ్యలో చెవి డొప్ప మాదిరి వంగే మెత్తటి ఎముక ఉంటది. అది వాస్తే కాస్టోకాండ్రైటిస్ అంటారు. ఎక్కువగా రెండో ఎముక నించి ఐదో ఎముక దాకా వస్తది. మా వైపు వడ్ల కొలత పుట్టి అంటే 850 కిలోలు, 75 కిలోల బస్తాలు పదకొండు పైనే, ఏడాదంతా ఖాళీగా ఉండి ఒక్కసారిగా అన్ని మోస్తే రాదా మరి. రోజుల తరబడి దగ్గినా వస్తది, ఏ కారణం లేకపోయినా వస్తది. గట్టిగా గాలి పీల్చినా, నడుం తిప్పినా పొడుస్తది.

కానీ గుండెపోటు వచ్చినోళ్లలో కొందరికి కూడా నొక్కితే నొప్పి ఉంటది. అందుకే నొక్కి తేల్చుకోమాకండి. ముందు ఈసీజీ. ఒక్క ఈసీజీ బాగుందని కూడా లేచి రామాకండి, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కొన్ని గంటలాగి మళ్లీ చేస్తామంటే ఉండండి, మొదట్లో చేస్తే ఒక్కోసారి తెలీదు.

గుండె కాదని డాక్టరు చెప్పినాకే మిగతావి. పని తగ్గించండి, 15-20 నిమిషాలు వేడి కాపడం పెట్టండి, ఉప్పు మూటైనా పర్లేదు, చర్మం కాలకుండా చూసుకోండి. దగ్గొస్తే దిండు రొమ్ముకి అదుముకోండి. పారాసెటమాల్ చాలామందికి సరిపోద్ది. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి డాక్టర్ని అడక్కుండా వద్దు, కడుపులో పుండున్నోళ్లకి, గుండెజబ్బు ఉన్నోళ్లకి, రక్తం పలచనయ్యే మందులు వాడేవాళ్లకి ప్రమాదం. కిడ్నీకి కూడా దెబ్బే, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న కనిగిరి వైపు వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లా. కొన్ని వారాల్లో తగ్గుద్ది, ఒక్కోసారి నెలలు పడతది, కంగారు పడమాకండి.

ఇంక వినండి. రొమ్ముకి గుడ్డ బిగించి కట్టమాకండి, ఊపిరి సరిగ్గా ఆడదు. నలిపించుకోవద్దు. నొప్పి ఇంజక్షన్ పొడిపించుకోని మళ్లీ బస్తా కిందకి దూరద్దు. రొమ్ము మీద ఒకపక్కే మంటగా పొక్కులు లేస్తే అది అక్కి, దానికి మందు వేరే, మంత్రం వేయించుకుంటా కూర్చోమాకండి. జ్వరంతో పాటు ఆ జాగా ఎర్రగా వాచినా డాక్టరు దగ్గరికే. ఒక కాలు వాచి ఆయాసమొస్తే ఆలస్యం చెయ్యద్దు. చెమటలు, దవడకో చెయ్యికో లాగడం, వాంతి, గుండెల మీద బండ పెట్టినట్టుంటే 108 కొట్టండి. ఆడోళ్లకి, షుగరోళ్లకి ఇవేమీ లేకుండా ఉత్త నీరసంతో, ఆయాసంతో కూడా గుండెపోటు రావచ్చు. గ్యాస్ అనుకోని సోడా తాగమాకండి. బైక్ మీద ఇద్దరి మధ్య ఇరికించి తీసకపోమాకండి. మనిషిని నడిపించద్దు. నొక్కి చూడద్దు. మేస్త్రీ ఏమంటాడో అని చూడద్దు, లారీ ఒక గంట ఆగుద్ది.