పాత కారులో హీటర్ కోర్ మార్చడం: డ్యాష్‌బోర్డు మూసే ముందే పరీక్ష

డిసెంబరులో బెంగళూరు పొద్దుటి చలికి హీటర్ తిప్పగానే తియ్యటి వాసన వచ్చి, అద్దం లోపలివైపు జిడ్డు ఆవిరి పట్టిందంటే హీటర్ కోర్ (డ్యాష్‌బోర్డు లోపల వేడి కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, పారే చిన్న రేడియేటర్) కారుతున్నట్టే. అయినా ఖాయం చేసుకోండి. ఎడమ సీటు ముందు కార్పెట్ ఎత్తి, తడిని వేళ్ల మధ్య రుద్ది చూడండి. ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయినా అక్కడే తడుస్తుంది, కానీ అవి ఉత్త నీళ్లు. కూలెంట్ అయితే రంగు ఉంటుంది, వేలికి జిగటగా అంటుతుంది. నోట్లో మాత్రం పెట్టుకోవద్దు, విషం.

ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. హీటర్ లివర్ వేడి వైపు పెట్టి, కూలెంట్‌ను తొట్టిలోకి దించండి. వీధి కుక్కలు ఆ తీపికి నాకి చచ్చిపోతాయి, కాలవలో పారబోయకండి.

బానెట్ కింద, ఇంజన్‌కూ కారు లోపలికీ మధ్య ఉండే రేకు గోడ, అంటే ఫైర్‌వాల్ దగ్గర కోర్ గొట్టాలకు తగిలించిన రెండు రబ్బరు పైపులు, అంటే హోసులుంటాయి. ఏళ్ల తరబడి కరుచుకుపోయిన హోసును ప్లయర్‌తో మెలిపెడితే కోర్ గొట్టం ఒంగుతుంది. బ్లేడుతో నిలువునా చీల్చి ఒలిచేయడమే మేలు, హోసులు ఎలాగూ కొత్తవి వేయాలి. ఒక గొట్టంలోకి గాలి ఊది, మిగిలింది రెండోదానిలోంచి బయటికి రప్పిస్తే కార్పెట్ మీద ఒలకదు.

డ్యాష్‌బోర్డు విప్పేటప్పుడు ప్రతి దశకూ ఫోనులో ఫొటో తీయండి. స్క్రూలను కోడిగుడ్ల అట్టలో వరసగా పెట్టుకుంటే చివర్లో రెండు మిగిలే బాధ ఉండదు. ఏసీ పైపులు అడ్డొస్తే వాటి జోలికి పోవద్దు, ముందు ఏసీ మెకానిక్‌తో గ్యాస్ తీయించండి.

కొత్త కోర్ కోసం బెంగళూరులో కారు విడిభాగాలు అమ్మే జేసీ రోడ్డుకు వెళ్లేటప్పుడు పాత కోర్‌ను చేత్తో పట్టుకెళ్లండి. గొట్టాల లావు, పొడవు, వంపు పక్కపక్కన పెట్టి చూశాకే డబ్బులివ్వండి. బిగించే ముందు ఒక గొట్టం మూసి, రెండోదానిలో సుమారు 15 పీఎస్ఐ గాలి పట్టించి బకెట్ నీళ్లలో ముంచండి. బుడగ లేస్తే వెనక్కిచ్చేయండి. అంచుల చుట్టూ కొత్త ఫోమ్ టేపు తప్పనిసరి. అది లేకపోతే గాలి కోర్ పక్కనుంచి జారిపోయి, వేడి అరకొరగా వస్తుంది.

చాలామంది చేసే పొరపాటు, అన్నీ మూసేసి ఆ తర్వాత కూలెంట్ పోయడం. డ్యాష్‌బోర్డు తెరిచి ఉండగానే కొత్త హోసులకు కొత్త క్లిప్పులు బిగించి, బ్యాటరీ తగిలించి, కూలెంట్ నింపండి. గాఢమైన కూలెంట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. బోరు నీళ్లు వద్దే వద్దు, వాటిలోని లవణాలే సన్న గొట్టాలను తినేస్తాయి, పూడ్చేస్తాయి. ముందు చక్రాలు ఎత్తులో ఉండేలా బండి నిలిపి, రేడియేటర్ మూత తీసి ఉంచే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయండి. మట్టం దిగినకొద్దీ పోస్తూ, పొంగేలోపు మూత పెట్టి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు ఆన్ అయి ఆగేదాకా ఇంజన్ నడవనివ్వండి. ఆ తర్వాత వేడి మీద మూత ముట్టుకోకండి. ఫైర్‌వాల్ హోసులు రెండూ వేడెక్కాలి. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే గాలి ఇరుక్కుందని అర్థం, చల్లారాక మళ్లీ నింపండి. కోర్ కీళ్ల కింద టిష్యూ పేపరు పెట్టి ఇరవై నిమిషాలు చూడండి. పొడిగా ఉంటేనే డ్యాష్‌బోర్డు బిగించడం.

ఇప్పుడే ఇంత పని వద్దనుకుంటే, ఇంజన్ వైపు రెండు గొట్టాలనూ ఒకే యూ-ఆకారపు హోసుతో కలిపేసి బండి నడుపుకోవచ్చు, హీటర్ మాత్రం ఉండదు. కారుడు ఆపే పొడి మాత్రం వేయకండి. చిల్లుతో పాటు రేడియేటర్‌లోని సన్న దారులు కూడా మూసుకుపోతాయి.