బొమ్మల పుస్తకం చేద్దాం – 4వ పాఠం: మెట్ల పుటలు, పురుగు తొలిచిన చిల్లులు

పోయిన పాఠంలో రంగులేసి ఆరబెట్టిన టిష్యూ కాగితాలను ఇంకా కత్తిరించకండి. ముందు చిల్లుల లెక్క తేలాలి.

అమెరికా పిల్లల బొమ్మల పుస్తకాల రచయిత, చిత్రకారుడు ఎరిక్ కార్ల్‌కూ కథ కంటే చిల్లే ముందు తట్టింది. కాగితాల దొంతరను హోల్ పంచ్‌తో పొడుస్తుంటే పుస్తకాల పురుగు గుర్తొచ్చింది. దాన్ని గొంగళిపురుగు చేయమన్నది సంపాదకురాలు ఆన్ బెనెడ్యూస్. ఇన్ని చిల్లులతో, తలా ఒక వెడల్పు పుటలతో గిట్టుబాటుగా అచ్చేసేవాళ్లు అమెరికాలో దొరక్క జపాన్‌లో వేయించారు. అలా 1969లో ‘ది వెరీ హంగ్రీ క్యాటర్‌పిలర్’ వచ్చింది. అందులో ఆకలిగొన్న గొంగళిపురుగు సోమవారం ఒక పండు, మంగళవారం రెండు, అలా శుక్రవారం దాకా పండ్లు తొలుచుకుంటూ పోయి, శనివారం రకరకాల తిండ్లు తింటుంది. మనమూ ఆ పద్ధతే పట్టుకుందాం. కార్ల్‌కు అప్పటికి నలభై నిండబోతున్నాయి. అంతకుముందు న్యూయార్క్‌లో దినపత్రికకూ ప్రకటనలకూ డిజైన్లు చేసిన మనిషి. పుట వెడల్పుతోనే కథ నడపాలన్న ఆలోచన అలాంటి చేతికే వస్తుంది.

ఇక మన పని. 180 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 180 గ్రాముల బరువు) ఏ4 అట్టలు ఐదు తీసుకుని, అడ్డంగా పెట్టి, ఎత్తు 21 సెం.మీ. అలాగే ఉంచి, వెడల్పు మాత్రం 8, 13, 18, 23, 28 సెం.మీ.గా కోయండి. ఎడమవైపు 3 సెం.మీ. కుట్టుకు పోతుంది. దొంతర పేరిస్తే సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక్కో పుటకు 5 సెం.మీ. పట్టీ కనిపిస్తుంది. కోసేముందు అట్టను రెండువైపులా మెల్లగా వంచి చూడండి. తేలిగ్గా వంగే మడత కుట్టుకు సమాంతరంగా ఉండాలి. లేకపోతే జిగురు తడికి పుటలు దోనెల్లా ముడుచుకుంటాయి, ముందుగా సన్నటి సోమవారం పుటే.

సోమవారం ఒక పండు, మంగళవారం రెండు, అలా మొత్తం 15 పండ్లు, 15 చిల్లులు. పండు ఎత్తు 3.5 సెం.మీ. మించకూడదు. ఒక అట్టముక్క మీద కింది అంచు నుంచి 2.5, 6.5, 10.5, 14.5, 18.5 సెం.మీ. దగ్గర గుర్తులు పెట్టుకుని, ప్రతి పుటకూ దాన్నే ఆనించి, కుడి అంచుకు 2.5 సెం.మీ. లోపల చుక్కలు పెట్టండి. పండ్లు కింది నుంచి మెట్లలా పెరుగుతాయి. పండు నడిమి సరిగ్గా చుక్క మీదికి వచ్చేలా టిష్యూ కత్తిరించి, రెండు పాళ్ల ఫెవికాల్‌కు ఒక పాలు నీళ్లు కలిపి అంటించండి.

ఆఫీసు పంచ్ నోరు అంత లోపలికి అందదు. తోలుపనికి వాడే 8 మి.మీ. గొట్టం పంచ్ కావాలి. పుట కింద చెక్క పెట్టి సుత్తితో ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బకు పంచ్ జరిగి చిల్లు నెలవంకలా తెగుతుంది. జిగురు పచ్చిగా ఉండగా కొడితే టిష్యూ పీలికలు లేస్తాయి, కాబట్టి రాత్రంతా బరువు కింద ఆరాకే కొట్టండి.

చాలామంది మరిచేది ఒకటుంది. చిల్లులోంచి కనబడేది వెనక పుట. అక్కడ తెల్లగా వదిలేస్తే పండు మీద తెల్లచుక్క పెట్టినట్టుంటుంది. ఆ చోట ముదురు గోధుమరంగు ముక్క అంటిస్తే పురుగు నిజంగా తొలిచినట్టే ఉంటుంది. పుట తిప్పితే అదే చిల్లు ఎడమ అంచుకు 2.5 సెం.మీ. దూరంలో ఉంటుంది. పురుగు తల అక్కడ పెట్టాలి.

శనివారం తిండ్లకు పూర్తి వెడల్పు పుటే చాలు. అది వచ్చే పాఠంలో, కుట్టుతో కలిపి. అప్పటిదాకా ఈ ఐదు పుటలూ బరువు కిందే ఉండనివ్వండి.